తిట్లతో నేర్చిన ఇంగ్లీషు

ఆ ఇంట్లోకి కొత్త ఇంగ్లీషు మాట వచ్చిందంటే ఎవరో ఒకరికి మూడినట్టే.

రూలు పెట్టింది ఆడపడుచు. కంప్యూటర్ చదువు చదివిన పిల్ల. "వదినా, ఉత్త అర్థం బట్టీ కొడితే తెల్లారేసరికి ఆవిరైపోతుంది. ఆ మాటతో ఇంట్లో వాళ్ల మీద ఒక వాక్యం చెప్పు. నిజమే చెప్పాలి. ఇక చచ్చినా మర్చిపోవు" అంది.

వదిన ఓ పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. అక్కడ ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. పని ఆమెకి కొట్టిన పిండి. కానీ మేనేజరమ్మది వేరే భాష, ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే. ఆ పోస్టు మీద వదినకున్న ఆశ అంతా ఇంతా కాదు.

అందుకే కూరలు తరుగుతూ కూడా పాఠమే.

"లేజీ అంటే బద్ధకం. మై హస్బెండ్ ఈజ్ లేజీ."

సోఫాలోంచి భర్త తల ఎత్తాడు. "నా పేరు వినబడింది?"

"పేరు కాదండీ, గుణం."

"స్టబ్బర్న్ అంటే మొండి. మై మదర్-ఇన్-లా..."

"ఆగవే! ఎప్పుడూ తిట్లేనా? మంచి మాటలే లేవా ఆ భాషలో?" అంది అత్తగారు.

"ఉన్నాయత్తయ్యా. తిట్లయితే నోటికి తొందరగా వస్తున్నాయి. మంచివి తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత' రాకముందే ఇంటర్వ్యూ వచ్చిపడింది.

మొదట్లో బాగానే సాగింది. మెషిన్ల గురించి అడిగితే చెప్పింది, వేడి ఎంత పెట్టాలో చెప్పింది. అప్పుడు మేనేజరమ్మ గాజు తలుపులోంచి ఇస్త్రీ బల్లల వైపు చూపించి, నీ కింద పనిచేయబోయేది వీళ్లే, ఒక్కొక్కరి గురించీ చెప్పమంది.

వదిన మాటలు వెతుక్కుంది. లేజీ, కేర్‌లెస్, గ్రీడీ, నాయిజీ... మాటలు గంపెడున్నాయి. మెచ్చుకోవడానికి ఒక్కటి లేదు! ఇన్నాళ్లూ కూడబెట్టిందంతా కారమే. అది పెట్టి పాయసం వండమంటే ఎలా?

తలుపు అవతల, అందరూ పొడుగు పిన్ని అని పిలిచే ఆమె ఒక షర్టు కాలరు తిరగేసి చూస్తోంది. ఇస్త్రీ అయిపోయింది, అయినా దాని మీది చిన్న మరకని వదల్లేదు. మళ్లీ నీళ్లు చిలకరించింది. ఆమెను చూస్తుంటే వదినకి మాట తన్నుకొచ్చింది.

"షీ ఈజ్ నాట్ కేర్‌లెస్."

మేనేజరమ్మ పెన్ను ఆగింది.

"నాట్ లేజీ. నెవర్ లేజీ. బట్ స్టబ్బర్న్, మేడమ్! వెరీ స్టబ్బర్న్! స్టెయిన్ గో, దెన్ షీ గో."

మేనేజరమ్మ పగలబడి నవ్వింది. పక్కామె గురించి అడిగింది. "నాట్ గ్రీడీ. హర్ టీ, ఆల్ డ్రింక్." ఆ పక్కామె? "నాయిజీ, మేడమ్. బట్ నాట్ లయర్." వదిన వెన్ను నిటారుగా అయింది. తన వాళ్లకి ఒక్కొక్కరికీ తిట్ల బుట్టలోంచే తీసి దండలు వేస్తోంది. ఏ ఒక్కటీ అబద్ధం కాదు.

బయటికి రాగానే అంతా చుట్టుముట్టారు.

"ఏమైందక్కా? మా గురించేం చెప్పావ్?"

"ఉన్నదే చెప్పా."

"అయ్యో, కొంప ముంచావ్!"

"ముంచలేదే. రేపట్నించి నేనే ఇన్‌చార్జి."

ఒక్కసారిగా గోల. పొడుగు పిన్ని మాత్రం చేతిలో షర్టు పక్కన పెట్టి, వదినని ఎగాదిగా చూసి అంది: "రేపటిదాకా ఎందుకు? ఆ మూల ప్లగ్గు ఎప్పట్నించో షాకు కొడుతోంది. ఎవరికి చెప్పినా వినేవాడు లేడు. నువ్వు చూడు, ఇన్‌చార్జమ్మా!"

వదిన గోడ మీది ఫోను అందుకుంది. అవతల ఎలక్ట్రీషియన్ ఎత్తాడు. అతనిదీ వేరే భాషే. బల్లల దగ్గర అందరూ ఇస్త్రీ ఆపేసి ఇటే చూస్తున్నారు. గొంతు సవరించుకుని, గది మొత్తానికీ వినబడేలా, ఇంగ్లీషులో మొదలుపెట్టింది.