రాని వాళ్ళ లెక్క

పాప చెవి వెనక జుట్టు తీయించి చూసిన డాక్టరమ్మ మళ్ళీ వంగి చూసింది. తను వేసిన కుట్ల మచ్చ పక్కనే ఇంకో మచ్చ ఉంది. ఎవరి చేతి వంట వాళ్ళకి తెలిసినట్టే ఎవరి కుట్లు వాళ్ళకి తెలుస్తాయి. ఇవి తనవి కావు.

పిల్లల మెదడులో నీరు చేరితే దాన్ని పొట్టలోకి దించడానికి సన్నటి గొట్టం వేస్తారు. దానికో వాల్వు. పాత వాల్వులు ఊరికే పూడుకుపోతున్నాయని ఏళ్ళ తరబడి తల బద్దలు కొట్టుకుని ఆవిడ కొత్తది తయారు చేసింది. చిక్కుడు గింజంత ఉంటుంది కనక ఆసుపత్రిలో అందరూ దాన్ని గింజ అంటారు. ఇప్పటిదాకా చుట్టుపక్కల నాలుగైదు ఆసుపత్రులే వాడుతున్నాయి. ఈ మధ్యాహ్నం అనుమతులిచ్చే కమిటీ పెద్దలు ఊ అంటే గింజ అన్ని ఆసుపత్రులకీ వెళుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు. ఈ కాకి మాత్రం తన పిల్లని లోకమంతా ముద్దు చెయ్యాలని పట్టుబట్టింది.

"ఈ కుట్లు ఎవరు వేశారమ్మా?"

పాప తల్లి తల దించుకుంది. "పోయినేడు మూసుకుపోయిందండీ. వేరే ఊళ్ళో మార్పించాం. మళ్ళీ మీ గింజే పెట్టించాం."

"నాకెందుకు చెప్పలేదు?"

"మా పాపని అంత ముద్దుగా చూసుకున్నారు. మీది పాడైపోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

జవాబు చెప్పే తీరిక లేదు. పొద్దుటినుంచి వాంతులు చేసుకున్న పాప ఇప్పుడు పిలిస్తే పలకడం లేదు. బల్ల మీదికి చేర్చి కోసి చూస్తే గింజ నిండా కండ పేరుకుని ఉంది. దాన్ని తప్పించగానే గొట్టంలోంచి నీరు చిమ్మింది. నర్సు అలవాటు కొద్దీ కొత్త గింజ అందించింది.

"అది వద్దు. పాత రకం ఇవ్వండి."

నర్సు విననట్టు చూసింది. డాక్టరమ్మ చెయ్యి చాపి ఉంచింది. పాప కళ్ళు తెరిచి "అమ్మేదీ?" అని అడిగేదాకా ఆవిడ మంచం పక్కనుంచి కదల్లేదు.

డాక్టరమ్మ గదిలో వాళ్ళక్క కాచుకుని ఉంది. పరిశోధన అంకెలన్నీ చూసేది ఆవిడే కనక అందరికీ లెక్కలక్క. "చెకప్‌కి రాని పిల్లల్ని బాగున్నవాళ్ళలో ఎలా కలుపుతావే?" అని మొదట్లోనే పోట్లాడింది. "బాగోకపోతే నా దగ్గరికి రాకుండా ఎక్కడికి పోతారక్కా?" అని చెల్లెలు కొట్టిపారేసింది. మంచి డాక్టర్లే చెయ్యగల తప్పు ఇది. చిరాకు పడే డాక్టరైతే జనం వచ్చి నాలుగు దులిపైనా పోయేవాళ్ళు.

సంగతంతా విని అక్క అంది, "ఒక్క పాపని పట్టుకుని తేల్చకు. రాని వాళ్ళకి ఫోన్ చెయ్. కమిటీకి నేను కబురు పెట్టి కాసేపు ఆపుతాను."

డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మావాడు బంగారంలా ఉన్నాడు మేడమ్, మీ చలవే," అన్నాడొక తండ్రి. తర్వాతి ఇంట్లోనూ అదే మాట. ఆ తర్వాతా అదే. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. "చూశావా అక్కా! ఆ పాప సంగతి మన ఖర్మ కొద్దీ జరిగిందంతే," అంటూ మీటింగుకి బయల్దేరబోయింది.

"కూర్చో," అంది అక్క. తన ఫోన్ తీసి ఆ మొదటి తండ్రికే చేసి స్పీకర్ పెట్టింది. "నేను ఆసుపత్రిలో గింజ లెక్కలు రాసేదాన్నండీ. మీ బాబు ఎలా ఉన్నాడు?"

అవతల తలుపు వేసిన చప్పుడయింది.

"మేడమ్ పక్కన లేరు కదండీ?"

"లేరు," అంది అక్క, చెల్లెలి మొహంలోకి చూస్తూ.

"రెండుసార్లు మూసుకుపోయిందండీ. రెండోసారి చూపు దెబ్బతింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఆవిడకి మాత్రం చెప్పకండి. మా వాడికోసం రాత్రంతా మేలుకున్న మనిషి. తట్టుకోలేరు."

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మాటలన్నీ వింది. తర్వాత లేచి, గింజని ఆపమని చెప్పడానికి కమిటీ గదికి వెళ్ళింది.