బొట్టు కింది పగులు

నేను ఒక చట్రాన్ని. కారు చూద్దామని వచ్చినవాళ్లు ముందుగా పైనున్న ఎర్ర రేకు మీద చెయ్యి వేస్తారు. తర్వాత గుండ్రటి దీపాలు ముద్దుగా ఉన్నాయంటారు. చివరికి పక్క అద్దంలో క్రాపు సర్దుకుని వెళ్లిపోతారు. ఆ రేకునీ, దీపాలనీ, ఇంజన్నీ, లోపల కూర్చున్న మనిషినీ మోసేది నేను. నన్ను చూడాలంటే నేల మీద వెల్లకిలా పడుకోవాలి. గొప్పవాళ్లు నేల మీద పడుకోరు. అందుకే నన్ను చూసిన గొప్పవాడు ఇంతవరకూ నాకు తారసపడలేదు.

నేను పుట్టింది ఇంగ్లండులో. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డకమ్మీలు, నిచ్చెనను పడుకోబెట్టినట్టు ఉంటాను. నన్ను చేసినవాళ్లు ఒక మంచి పని చేశారు. గుంటలో పడితే కాస్త వంగి, దాటాక మళ్లీ సర్దుకునేట్టు చేశారు. వంగడం కూడా బలమేనన్న ఈ చిన్న సంగతి ఆ తర్వాత నన్ను ముట్టుకున్నవాళ్లకి బుర్రకెక్కలేదు. ఓడెక్కి మద్రాసు వచ్చాను. మొదట కొన్న దొర నన్ను ఇంటికీ క్లబ్బుకీ మధ్య తిప్పాడు. పందేల కోసం పుట్టిన బండిలో వీధి చివరిదాకా వెళ్లి, దిగి, యుద్ధం గెలిచినవాడిలా చేతి తొడుగులు విప్పేవాడు. స్వదేశం వెళ్తూ నన్ను భీమవరం దగ్గర రైసుమిల్లున్న రంగపతిరాజు గారికి అమ్మేశాడు.

రాజుగారు అందగాడు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆ ఇంట్లో ఆడవాళ్లకి ఘోషా. వాళ్లు పెద్ద కారులో, అద్దాలకి తెరలు కట్టుకుని వెళ్లేవారు. నాకు కప్పే లేదు, ఇక తెర ఎక్కడ కడతారు? కాబట్టి ఊరి కళ్లకి నాలో తిరిగేది రాజుగారొక్కరే.

ఒక వేసవిలో నా ఎడమ దూలం ముందు కొస, చక్రం పక్కన, వంకరపోయింది. ఎలా పోయిందో నాకూ ఇంకో ఇద్దరికీ తెలుసు. ఊరికి తెలిసింది మాత్రం వేరు. రాజుగారు మద్రాసులో పందెం గెలిచి, గీత దాటాక వేగం ఆగక గడ్డిమోపుల్ని గుద్దారట. నేను ఆ పందెం నాడు మిల్లు వెనక పాకలో ఉన్నాను. నా మీద కోడి గుడ్డు పెట్టింది.

వంకరని బాగుచేయించాల్సింది పోయి పూజ చేశారు. ప్రతి దసరాకీ బానెట్ ఎత్తి, ఆ వంకర మీద పసుపు పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీళ్లు చల్లేవారు. రాజుగారు పోయాక ఆయన కొడుకు అచ్యుతరామరాజు దాన్ని మరింత భక్తిగా చేశాడు. పాత బొట్టు తుడవకూడదన్నాడు. దాంతో బొట్టు మీద బొట్టు అట్టలు కట్టింది. తుప్పుకి అంతకన్నా మంచి భోజనం ఉండదు. ఆ అట్టల కింద నేను పగలడం మొదలుపెట్టాను. వచ్చిన చుట్టాలందరూ ఆ పగులుకే దణ్ణం పెట్టుకుని వెళ్లారు.

అచ్యుతరామరాజు కూతురు సుభాషిణి మద్రాసులో కార్ల కంపెనీలో పనిచేస్తుంది, పందేలు నడుపుతుంది. మద్రాసు అవతల పాత కార్లకి పందెం పెట్టారని, నన్ను తనే నడుపుతానని అంది. తండ్రి పొంగిపోయాడు. తాడేపల్లిగూడెంలో లారీలు బాగుచేసే మస్తాన్ షెడ్డుకి నన్ను చేర్చి, పైన రేకంతా విప్పించారు. సుభాషిణి నేల మీద పడుకుని నా కిందికి దూరింది. ఆ ఇంట్లో అలా పడుకున్న మొదటి మనిషి. తీగ బ్రష్షుతో కుంకుమ అట్టలు గీకేసింది.

"నాన్నగారూ, ఇలా వంగి చూడండి."

"మోకాళ్లు అమ్మడూ. చెప్పు, వింటాను."

"ఇక్కడ పగిలింది. చక్రాన్ని పట్టుకునుండేది ఇదే. మలుపులో బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం విడిపోతుంది. ఈ ముక్క కోసేసి కొత్తది వేయాలి."

"కోయడమా? అది మీ తాతగారి గెలుపు."

"ఆ గెలుపు నా కాళ్ల ముందుంటుంది నాన్నగారూ."

మస్తాన్ కలగజేసుకున్నాడు. "కోతెందుకండి. పైన లారీ ప్లేటేసి చుట్టూ వెల్డింగు కుట్టేత్తానండి. ఏనుగెక్కినా కదలదండి."

"అదీ మాట," అన్నాడు అచ్యుతరామరాజు.

"ఏనుగు మలుపులు తిరగదు మస్తాన్ గారూ. అంత మందం ప్లేటేస్తే అది వంగదు. దాని పక్కనున్న పల్చటి దూలం విరుగుతుంది."

"గూడెంలో సగం లారీలు నేను కుట్టినవేనండి."

"అవి పందేలకి పోవు కదా."

"పోవా అండి? ఎప్పుడన్నా హైవే మీద చూడండి."

తండ్రి తేల్చేశాడు. వంకరతో అయితే బండి పందేనికి వెళ్తుంది, కోస్తే ఇంటికి వస్తుంది. సుభాషిణి బ్రష్షు పక్కన పెట్టి, "సరే, ప్లేటే వేయండి. అలాగే నడుపుతాను," అంది. అంతవరకూ ఆ పిల్ల మీద నాకు కాస్త గౌరవం ఉండేది. పగులు కళ్లతో చూసి, దాని మీద కూర్చుంటానంటోంది. చదువుకున్నా ఆ ఇంటి పిల్లే.

పని మొదలుపెట్టేముందు బొట్టు పెట్టాలని, గెలుపు రంగపతిరాజు గారిది కాబట్టి ఆయన భార్యే పెట్టాలని సీతాయమ్మని తీసుకొచ్చారు. ముసలావిడ కుంకుమ భరిణె పట్టుకుని నా ముందు నిలబడి, గీకిన చోట వేలు పెట్టి తడిమింది.

"ఇదేంటి, పగిలిందా?"

"ఏం లేదమ్మా. మీరు బొట్టు పెట్టండి," అన్నాడు కొడుకు.

ఆవిడ భరిణె మూత తీయలేదు. "అచ్యుతం, మీ నాన్నగారు ఏ పందెం గెలిచారు?"

"అదేంటమ్మా, మద్రాసులో..."

"మద్రాసు వెళ్లింది కంటి డాక్టరు కోసం. రైల్లో వెళ్లారు. పక్కన నేనూ ఉన్నాను."

"మరి ఈ వంకర?"

"మిల్లు వెనక బస్తాల అరుగుకి తగిలింది. నడిపింది నేను."

పక్కన లారీ మీద పనిచేస్తున్న మస్తాన్ గ్రైండరు ఆపేశాడు.

"మీరా అమ్మా? ఘోషాలో ఉండి?"

"పొద్దున్నే, కూలీలు రాకముందు. ఆయనే నేర్పారు. బాగానే నడిపేదాన్ని. అరుగు అక్కడ కట్టినవాడికి బుద్ధి లేదు. వంకర చూస్తే ఎలా వచ్చిందని అడుగుతారు కదా. కోడలు కారు నడిపిందని మీ నాయనమ్మకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అందుకని ఆయన పందెం గెలిచారు."

అచ్యుతరామరాజు ఖాళీ డ్రమ్ము మీద కూలబడ్డాడు. "అయితే ఇన్నేళ్లూ మనం బొట్టు పెట్టింది..."

"నా డ్రైవింగుకి. నేనేమీ అనుకోలేదులే." మనవరాలి వైపు తిరిగింది. "కోయించెయ్యమ్మా. ఈ ముక్క కోసం నువ్వు చావక్కర్లేదు."

నడిపింది ఆవిడని నాకు ముందే తెలుసు. రాజుగారు ఎందుకు గెలిచారో మాత్రం ఆ రోజే తెలిసింది. గొప్పకి చెప్పుకున్న అబద్ధమనుకుని ఆయన్ని ఇంతకాలం తిట్టుకున్నాను. సరే, ఆ ఒక్క తిట్టూ వెనక్కి తీసుకుంటాను. మిగతావి ఉంచుకుంటాను.

మూల నుంచి మూలకి దారాలు లాగి నా వంకర కొలిచారు. పగిలిన ముక్క కోసి, అంతే మందమున్న కొత్త ఉక్కు అతికారు. లోపలివైపు పల్చటి ప్లేటు వేసి, దాని కొసల్ని చేపతోకలా ఏటవాలుగా కోశారు, బరువు ఒకే గీత మీద పడకుండా. ముందు చక్రాల మధ్య గొట్టం ఒకటి అడ్డంగా బిగించారు. మస్తాన్ అలిగాడు. ఇంత పల్చటి పని ఆడపిల్లల కుట్టుపనిలా ఉందన్నాడు. అతుకు మాత్రం శుభ్రంగా వేశాడు.

పందెంలో ఆఖరి మలుపు దగ్గర సుభాషిణి బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. బరువంతా నా ఎడమ కొస మీద పడింది. వంగాను, సర్దుకున్నాను, తిన్నగా బయటికొచ్చాను. గీత దాటినవాళ్లలో మేం మధ్యలో ఎక్కడో ఉన్నాం. అచ్యుతరామరాజు అప్పటికే ఫోనులో చుట్టాలతో, "కొద్దిలో పోయిందండి, గెలిచినట్టే," అంటున్నాడు. ఇంకొన్నాళ్లకి గెలిపించేస్తాడు. కోసిన వంకర ముక్కని హాల్లో అద్దాల బీరువాలో పెట్టి, ఇప్పటికీ బొట్టు పెడుతున్నాడు. అంతా విన్నాక కూడా.

మొన్న దసరాకి సీతాయమ్మ భరిణె పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ముందు మనవరాలిని టార్చిలైటు అడిగింది.

"అతుకు దగ్గర చూశావా?"

"చూశాను మామ్మా. బాగుంది."

"నన్నూ చూడనీ."

చూసింది. నాకు బొట్టు పెట్టలేదు. స్టీరింగుకి పెట్టి, మనవరాలి భుజం పట్టుకుని మెల్లగా సీట్లోకి దిగింది. మనుషుల ముఖాలు నాకు తెలియవు, బరువులు తెలుసు. ఈ బరువు కాస్త తగ్గింది గానీ, మిల్లు వెనక పొద్దున్నే ఎక్కిన బరువే. ఎవరూ చెప్పకుండానే ఎడమకాలు క్లచ్చు మీదికి వెళ్లింది.

ఎదురుగా ఏ అరుగూ లేదు.