తాటిలోవకు నాలుగు కిలోమీటర్లు

శ్రీవిద్య ఆ జాబితాను సోమవారమే ముగించింది. అమెరికాలో ప్లేనో ఊళ్లోని తెలుగువాళ్ల సంఘం ఒకటి విశాఖ వైపు కొండ ఊళ్లకు ఆరు అంబులెన్స్ జీపులు ఇవ్వదలచింది. ఏయే ఊళ్లకు ఇవ్వాలో తేల్చే పని, డేటా ఉద్యోగం చేసే ఆమెకు అప్పగించారు. జనాభా రెండు వందల లోపు ఉండి, ఐదు కిలోమీటర్లలో బస్సు దొరికే ఊళ్లను ఆమె పక్కన పెట్టింది. అలా ఇరవై మూడు ఊళ్లు పోయాయి.

శనివారం సాయంత్రం పక్కింటి కేశవరావు టీకి వచ్చాడు. కూతురి దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి, ఇక్కడ కూతురు కారు తీస్తే తప్ప వీధి దాటలేడు. ల్యాప్‌టాప్‌లో తెలిసిన ఊళ్ల పేర్లు కనబడగానే కళ్లజోడు పెట్టుకున్నాడు.

"తాటిలోవ తీసేసినావేటమ్మా?"

"అక్కడికి ఫోర్ కిలోమీటర్స్‌లోనే బస్ ఉంది అంకుల్. పాపులేషన్ కూడా నూట ఎనభై ఏడే."

"నాలుగేటి? ఎవులు కొలిసినారు? ఆ బస్సు తోలింది నేనే కదా! మధ్యలో ఏరుంది, వంతెన నేదు. రోడ్డంట పోతే ముప్పై ఒకటి."

శ్రీవిద్య మ్యాప్ తెరిచింది. ఏరు స్పష్టంగా కనిపిస్తోంది. కంప్యూటర్ దాని మీదుగా తిన్నగా గీత గీసి, నాలుగని చెప్పింది. అలా కొలవమన్నది ఆమే.

జాబితాలో ప్రతి ఊరికీ ఆశా కార్యకర్త నంబరు ఉంది. అంతవరకు ఒక్కదానికీ ఆమె ఫోన్ చేయలేదు. ఇప్పుడు చేసింది. ఇక్కడ ఇంకా ఎండ ఉంది. అక్కడ ఆదివారం తెల్లవారింది. తాటిలోవ కార్యకర్త శేషమ్మ పలికింది.

"నూట ఎనభయ్యా? అది పాత లెక్క తల్లీ. కొండచరియ పడ్డాక పైనున్న రెండు గూడేలోళ్లూ ఇక్కడికే దిగొచ్చినారు. ఇప్పుడు నాలుగొందల పన్నెండు మందిమి."

"ఒంట్లో బాగోకపోతే ఎలా వెళ్తారు?"

"మట్టి రోడ్డుంది గానీ బండి నేదు. డోలీ కట్టి మోత్తాం. మొన్న మంగళవారం కూడా మోసినాం. నెలలు నిండిన పిల్ల. ఏరు పొంగింది, సుట్టూ తిరిగి బయల్దేరినాం. దారిలోనే కాన్పయిపోనాది. తల్లి దక్కింది."

"బిడ్డ?"



"దక్కనేదమ్మా."

శ్రీవిద్య ఫోన్ పెట్టేసింది. సోమవారం తను ఆ ఊరిని ఉంచినా, మంగళవారానికి జీపు చేరేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా, ఒక ఊరిని కొట్టేయడానికి తనకు పట్టింది ఒక్క క్లిక్కు. కేశవరావు మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టాడు.

ఆమె వెంటనే సంఘం అధ్యక్షురాలు జ్ఞానప్రసూనకు ఫోన్ చేసింది.

"లిస్ట్ ఫైనల్ అయిపోయింది విద్యా. ఎల్లుండి అనౌన్స్ చేస్తున్నాం. నెక్స్ట్ ఇయర్ చూద్దాంలే."

"వద్దక్కా. ఫార్ములా నాది, తప్పు నాది. అందరికీ నేనే చెప్తాను. ఒక్క వారం ఆపండి."

ఆవిడ విసుక్కుంది, వాదించింది, చివరికి ఒప్పుకుంది.

ఆ వారమంతా శ్రీవిద్య ఆఫీస్ అయ్యాక ఇరవై మూడు ఊళ్లకూ ఫోన్ చేసింది. కేశవరావు పక్కన కూర్చుని ఏ దారి ఎటు తిరుగుతుందో చెప్పాడు. ఏడు ఊళ్ల దూరం తప్పని తేలింది. కొత్త జాబితాలో తాటిలోవ మూడోది.

అక్టోబరులో జీపు చేరిందని శేషమ్మ ఫోన్ చేసింది. వెనక పిల్లల కేరింతలు వినబడుతున్నాయి.

"బిడ్డ పోయిన ఆ అమ్మాయి ఎలా ఉంది?" అడిగింది శ్రీవిద్య.

"పనికి పోతాంది. ఎవులితోనూ మాటాడదు."

శ్రీవిద్య ఆ అమ్మాయి పేరు అడిగింది. జాబితాలో తాటిలోవ పక్కన ఆ పేరు రాసుకుంది.