వదిన అడిగిన వంతెన

పాత రైలు వంతెనను కూల్చకుండా పార్కుగా మార్చాలని ఊళ్ళో సంతకాలు సేకరిస్తున్నారని తెలిసినప్పుడు, ఆ పక్క వీధిలో బట్టలు కుట్టుకుని బతికే ఆమె విననట్టే ఊరుకుంది. దుకాణం గుమ్మంలోంచి తలెత్తితే వంతెన ఇనుప దూలాలే కనిపిస్తాయి. అందుకని కుట్టుమిషన్‌ను గోడవైపు తిప్పి పెట్టుకుని, వీధికి వీపు పెట్టి కుట్టేది. వెలుతురు చాలక కళ్ళు పోతాయని ఎంతమంది పోరినా వినలేదు.

ఆమె అన్న పోయింది ఆ వంతెన మీదినుంచి పడే. తుప్పు పట్టకుండా దానికి రంగులు వెయ్యడం అతని ఉద్యోగం. ఈ చివర వేసుకుంటూ ఆ చివరికి చేరేసరికి మొదలుపెట్టిన చోట మళ్ళీ తుప్పు మొదలయ్యేది. అందుకే తన ఉద్యోగానికి ఢోకా లేదని ఇంట్లో నవ్వుతూ చెప్పేవాడు. ఒక వానాకాలం ఉదయం కాలు జారింది. అప్పటికి ఆమె ఇంకా కుట్టుపని నేర్చుకుంటోంది. జనం పరిగెడుతుంటే తనూ పరిగెత్తింది. వెళ్ళి చూసింది. ఆ చూసినది ఆమె ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కొన్నేళ్ళకు రైళ్ళు ఆగిపోయాయి. వంతెన మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. ఇప్పుడు దాన్ని తీసేసి, కింద రోడ్డు వెడల్పు చేసి లారీలకు దారివ్వాలని మునిసిపాలిటీ వాళ్ళ ఆలోచన. కూల్చవద్దని తిరుగుతున్నవాళ్ళలో అందరికంటే ముందున్నది ఎవరో కాదు, ఆమె సొంత వదినే.

వదిన భర్త పోయాక నర్సు పని నేర్చుకుని, ఆసుపత్రిలో చేసి రిటైరైంది. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. అత్తగారిని చివరిదాకా చూసింది. ఆడపడుచుకు మొదటి కుట్టుమిషన్ కొనిపెట్టింది కూడా ఆవిడే. వేర్వేరు ఇళ్ళలో ఉంటున్నా ఆదివారం మాత్రం ఇద్దరూ కలిసే భోంచేస్తారు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం కాగితాల కట్ట పట్టుకుని దుకాణంలోకి వచ్చి, సంతకం పెట్టమని ముందుకు చాపింది.

ఆమె చొక్కాకు కాజాలు కుడుతోంది. చేతిలో పని ఆపలేదు.

“ఊళ్ళో అందరినీ అడుగు వదినా. నన్నడక్కు.”

“నిన్నడక్కుండా ఎలా?”

“అన్నయ్యని మింగింది అది. దాని మీద పూలమొక్కలు పెడతావా?”

వదిన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ ఆదివారం ఆమె భోజనానికి వెళ్ళలేదు. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు.

ఈ సంగతి ఎలా పొక్కిందో గానీ, సిమెంటు కొట్టు యజమాని వెతుక్కుంటూ వచ్చాడు. రోడ్డు వెడల్పయితే అతని లారీలు నేరుగా కొట్టు ముందుకే వస్తాయి. ఎప్పుడూ లేనిది ప్యాంటు పొడవు తగ్గించాలంటూ కూర్చుని, ఆ మాటా ఈ మాటా చెప్పి, మునిసిపల్ హాల్లో జరిగే సమావేశానికి వచ్చి ఒక్క మాట మాట్లాడమన్నాడు. నష్టపోయినవాళ్ళు చెబితే నలుగురూ వింటారన్నాడు. అతని మీద ఆమెకు గౌరవమేమీ లేదు. అయినా సరేనంది.

సమావేశంలో ముందు వదిన మాట్లాడింది. ఇరుకు వీధుల్లో పిల్లలకు ఆడుకునే చోటు లేదంది. ఆసుపత్రినుంచి వచ్చిన ముసలివాళ్ళు నాలుగడుగులు నడవాలంటే బళ్ళకు భయపడుతున్నారంది. ముక్కుసూటిగా, తడబడకుండా చెప్పింది. భర్త ఊసు మాత్రం ఎత్తలేదు.

తర్వాత ఆమె లేచింది. ఏమేమో అనుకుని వచ్చింది గానీ, తీరా నిలబడ్డాక రెండు ముక్కలే వచ్చాయి.

“మా అన్న దాని మీదినుంచి పడ్డాడు. రోజూ దాన్ని చూడలేకపోతున్నాను. అంతే.”

కూర్చుంది. సిమెంటు కొట్టాయన తృప్తిగా తలూపాడు. ఆ ఊపు చూసి ఆమెకు ఒళ్ళు మండింది. కమిషనరు నిర్ణయాన్ని వాయిదా వేశాడు.

బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర వదిన ఎదురుచూస్తోంది. నిష్ఠూరాలు వినడానికి ఆమె సిద్ధపడింది. వదిన నిష్ఠూరమాడలేదు.

“నువ్వన్నది నిజమే. అందులో తప్పేముంది? ఒక్కసారి నాతో పైకి రా. తర్వాత నీ ఇష్టం.”

ఎండ ఇంకా ఉంది. వంతెన వాచ్‌మన్ వదినకు తెలిసినవాడే, గేటు తీశాడు. ఇనుప మెట్లు ఎక్కుతున్నంతసేపూ వదిన చెయ్యి పట్టుకునే ఉంది. పైన పట్టాలకు ఓ పక్కగా చిన్న గూడులాంటిది ఉంది. రైలొచ్చినప్పుడు పనివాళ్ళు తప్పుకుని నిలబడేందుకు కట్టింది. ఇద్దరు ఇరుక్కుని కూర్చోవచ్చు. వదిన కొంగుతో దుమ్ము దులిపి కూర్చుంది, ఆమెనూ కూర్చోబెట్టింది.

“మీ అన్నయ్యకి రోజూ అన్నం తెచ్చేదాన్ని కదా, గుర్తుందా?”

గుర్తుంది. కోడలికి మొగుడంటే ఎంత శ్రద్ధో అని అమ్మ మురిసిపోయేది. వెళ్ళిన మనిషి గంటలకొద్దీ రాకపోతే మళ్ళీ అమ్మే గొణిగేది.

“రైలు పోయేదాకా పైకి వెళ్ళనివ్వరని మీ అమ్మకి అబద్ధం చెప్పేదాన్ని. ఇక్కడ కూర్చునేవాళ్ళం. ఇంట్లో ఉన్నది ఒక్క గది. ఓ పక్కన అత్తయ్య, మధ్యలో నువ్వు, ఇటు మేము. నువ్వేమో సూది కింద పడినా లేచి కూర్చునేదానివి. కొత్త పెళ్ళాం మొగుడితో మాట్లాడాలంటే ఎక్కడ మాట్లాడుతుంది? మా కాపురమంతా ఇక్కడే జరిగింది.”

ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కలిసి రావడంతో పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ రోజు కూడా అన్నం కట్టుకుని బయల్దేరాను,” అంది వదిన నెమ్మదిగా. “దారిలోనే చెప్పారు. దీని మీద కోపం నాకూ ఉండేది. చాన్నాళ్ళు ఇటు రాలేదు. కానీ ఆ గది ఎప్పుడో కూల్చేశారు. ఇది కూడా పోతే, మేమిద్దరం మాట్లాడుకున్న చోటంటూ ఇంక ఎక్కడా ఉండదు.”

“ఈ మాట అక్కడ చెప్పొచ్చు కదా?”

“ఊరికెందుకు ఇది? ఊరికి కావాల్సింది నీడ, గాలి. నా సంగతి నాది.”

ఆ రాత్రి ఆమెకు సరిగ్గా నిద్రపట్టలేదు. అన్న అనగానే ఇన్నేళ్ళూ ఆమెకు కళ్ళముందు మెదిలింది ఆ వానాకాలపు ఉదయం ఒక్కటే. అతను ఇనుప గూట్లో కూర్చుని పెళ్ళాంతో కబుర్లు చెప్పాడని, అన్నం చల్లారిపోయినా పట్టించుకోలేదని, నవ్వాడని ఊహించుకోవాలంటే కొత్తగా ఉంది. చేతకాని పనిలా ఉంది. అయినా ఊహించుకుంది.

పొద్దున్నే మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి, తను చెప్పింది నిజమేననీ, కానీ తన బాధ కోసం వంతెన కూల్చవద్దనీ గుమాస్తాతో చెప్పింది. అలాంటి మాట ఎక్కడ రాసుకోవాలో అతనికి పాలుపోలేదు. వచ్చే సమావేశంలో మీరే చెప్పండమ్మా అన్నాడు. చెప్పింది. సిమెంటు కొట్టాయన ముఖం ముడుచుకున్నాడు.

ఆ తర్వాత మెడలో టేపుతోనే వదిన వెంట ఇల్లిల్లూ తిరిగింది. ఊళ్ళో సగం మంది బట్టలు ఆమె దగ్గరే ఉండటం బాగా పనికొచ్చింది. సంతకం పెట్టనివాళ్ళ చొక్కాకి గుండీలు ఎప్పుడు కుడతానో చెప్పలేనని నవ్వుతూనే బెదిరించేది. “నాకంటే నువ్వే గట్టిదానివే,” అని వదిన వేళాకోళమాడేది.

చివరికి వాళ్ళు కోరినదంతా దక్కలేదు. ఇంజినీర్లు వచ్చి చూసి, ఒక చివరి భాగం బలహీనపడిందని దాన్ని తీయించారు. మిగతాది, ఆ గూడుతో సహా, నిలిచింది. పట్టాల మధ్య మట్టి పోశారు, అంచులకు ఎత్తైన కమ్మీలు కట్టారు, బెంచీలు వేశారు. షుగరు తగ్గాలంటే నడవాలని డాక్టరు చెప్పడంతో సిమెంటు కొట్టాయన కూడా పొద్దున్నే వచ్చి చేతులూపుకుంటూ నడుస్తాడు. ఎదురుపడితే తల తిప్పుకుంటాడు.

ఆమె మాత్రం మెట్ల దగ్గరి బెంచీ దాటి వెళ్ళేది కాదు. అన్న పడిన చోటు అవతల ఉంది. వదిన ఎప్పుడూ రమ్మని బలవంతపెట్టలేదు. తను నాటుకున్న మొక్కలకు తనే నీళ్ళు పోసుకుని వచ్చేది.

రెండో వేసవికి వదిన మోకాళ్ళు మొండికేశాయి. మెట్లెక్కే పని వద్దన్నారు. మొక్కలేమైపోతాయోనని ఆవిడ మంచం మీద ఒకటే సణుగుడు. వినలేక ఆమే బకెట్ పట్టుకుని వెళ్ళింది. కుళాయి ఆ చివరన ఉంది. నీళ్ళు పట్టి, మొక్కలన్నిటికీ పోసి, ఒక నందివర్ధనం వాలిపోతుంటే దానికి పుల్ల కట్టి, మళ్ళీ కుళాయి దగ్గరికి నడుస్తున్నప్పుడు గానీ ఆ చోటు దాటి వచ్చానన్న సంగతి ఆమెకు తట్టలేదు. నిలబడింది. కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. వీధి, బళ్ళు, తన దుకాణం రేకు. చాలాసేపు చూసింది.

వదిన ఇంటికి వచ్చేసరికి ఆవిడ గుమ్మంవైపే చూస్తూ ఉంది. ఏం జరిగిందని అడగలేదు.

“నందివర్ధనం ఎలా ఉంది?”

“బతుకుతుందిలే వదినా. రేపు కూడా పోసొస్తాను.”