అయస్కాంతం కింద పెట్టిన కార్డు

నరసరావుపేటలో ఫ్యాన్లకీ, మిక్సీలకీ వైండింగ్ చేసే గౌసియాకి మంచి పనిమంతురాలని పేరు. ఆ పేరు వినే రిటైరైన లెక్కల మాస్టారు దేవానందం తన పాత కాలిక్యులేటర్ని తెచ్చి ఆమె దుకాణంలో దించాడు. కాలిక్యులేటరంటే జేబులో పట్టేదనుకునేరు! ఇద్దరు పట్టుకుంటే గానీ బల్లెక్కలేదు. అరవైల్లో ఇటలీలో చేసిన సరుకు. కంప్యూటరంటే గదంత ఉండే రోజుల్లో, ఏ లెక్క తర్వాత ఏ లెక్కో గుర్తుపెట్టుకుని, బల్ల మీదే చేసిపెట్టిన తొలి యంత్రాల్లో ఒకటి.

నానా తిప్పలూ పడి దానికి ప్రాణం పోసింది గౌసియా. మీటలు నొక్కితే కూడికలు టకటకా అచ్చవుతుంటే మాస్టారి సంబరం చూడాలి!

"ఇంక మిషనుతో పాటు నీకిచ్చిన కార్డు తియ్యమ్మా. మా ఆవిడ సుగుణ కాలవల ఆఫీసులో ఉన్నప్పుడు తయారుచేసిన ప్రోగ్రాం అందులో ఉంది. ఆమె పోయాక, ఆమె పనిలో నాకు మిగిలింది ఇదొక్కటే."

"ఇంత ముక్కలో ప్రోగ్రాం ఎట్టా ఉంటది సార్?"

"వెనకాల పూత చూశావా? ఇనప పొడి. మిషను అయస్కాంతంతోనే దాని మీద రాస్తది."

గౌసియా చూపు కార్డు మీదికి పోయింది. యా అల్లా! ఫ్యాన్ గాలికి ఎగిరిపోద్దని ఆ కార్డు మీద తాను పెట్టిన బరువేంది? పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం! మరలు దొర్లిపోకుండా రోజూ పక్కన పెట్టుకునేదే. నిన్నటి నుంచి కార్డు దాని కిందే ఉంది.

కార్డు తీసిచ్చింది. మాస్టారు కార్డుని తుడిచి, కళ్ళకద్దుకుని, యంత్రంలోకి తోశాడు. అది లోపలికి లాక్కుంది. కార్డు చదవలేకపోయానన్నట్టు ఎర్రదీపం వెలిగింది.

"పోనీలే అమ్మా, ముసలి మిషను. నీ తప్పేముంది?" అన్నాడు ఆయన.

ఆ ఓదార్పు గౌసియాకి చెంపదెబ్బకన్నా ఎక్కువగా తగిలింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఈ ముసలాయన ఏమైపోతాడో!

"మిషను బానే ఉంది సార్. నేనే... కార్డు మీద అయస్కాంతం పెట్టా. చెరిగిపోయినట్టుంది."

ఆ కొసనైనా ఏమన్నా మిగిలిందేమోనని మాస్టారు కార్డుని రెండో కొస తిప్పి పెట్టాడు. మళ్ళీ ఎర్రదీపమే.

"తిట్టండి సార్. కొట్టినా పడతా" అంది గౌసియా ఏడుస్తూ.

"సుగుణ చెబుతుంటే ఈ ప్రోగ్రాంకి మీటలు నొక్కింది నేనే" అన్నాడు మాస్టారు. "లోపల ఏం లెక్క చేయిస్తున్నావే అని ఒక్కసారన్నా అడగలా. ఇప్పుడెవర్ని అడగనమ్మా?"