చాలంటే చాలు

గరిటను గిన్నె అంచుకు తట్టి, కూర పళ్లెంలోకి జార్చి, "ఇంకొంచెం" అంటూ రెండో గరిట వేసెయ్యడం. బడి భోజనశాలలో ముప్పై ఏళ్లుగా పెద్దమ్మ పని ఇదే. మనిషి పుల్లలా ఉంటుంది గానీ చెయ్యి మాత్రం ధారాళం. ఎవరైనా "చాలు" అంటే ఆమె చెవికి అది మొహమాటంగానే వినిపిస్తుంది. లావుపాటి పిల్లలంటే మరీ ప్రేమ. ఒళ్లు పెద్దదైతే ఆకలీ పెద్దదేనని ఆమె నమ్మకం.

ఆ రోజుతో ఆమెకు రిటైర్మెంటు. అయినా పొద్దున్నే వచ్చి ఎప్పటిలాగే బంగాళాదుంపల చెక్కు తీసింది.

గంట కొట్టకముందే బొద్దు వచ్చింది. పదో తరగతి పిల్ల. ఆ పేరు ఇంకెవరో పెట్టేలోపే తనే పెట్టుకుంది. బరువెక్కువున్న పిల్లలు వారానికోసారి కూడి, తిండి సంగతులు ఒకరికొకరు చెప్పుకునే క్లబ్బుకు ఆమే నాయకురాలు.

"పెద్దమ్మా, ఇవాళ మా పాఠం నీ దగ్గరే. 'చాలు' అనడం నేర్చుకుంటున్నాం."

"అదేం పాఠమే? నోరుంది, అనెయ్యండి."

"అంటూనే ఉన్నాం. నువ్వు వింటేగా."

పెద్దమ్మకు పౌరుషం వచ్చింది. గంట కొట్టాక క్లబ్బులోని ఎనిమిది మందీ వరసలో నిలబడ్డారు. మొదటివాడు "చాలు" అన్నాడు. "చిక్కిపోయావురా" అంది పెద్దమ్మ. వాడు మురిసిపోయి పళ్లెం చాచాడు. రెండో పిల్ల డాక్టరు వద్దన్నాడంది. "ఆయనొచ్చి వండుతాడా?" అంటూ వడ్డించేసింది. మూడోవాడు పళ్లెం వెనక్కి దాచుకుంటే కూర చొక్కా మీద పడింది. అలా ఏడుగురూ చిత్తయ్యారు.

ఆఖరున బొద్దు పళ్లానికి చెయ్యి అడ్డం పెట్టింది. "చాలు పెద్దమ్మా."

"ఈ ఒక్కటీ వేయించుకో తల్లీ. రేపు నేనుండనుగా." పెద్దమ్మ గరిట నిండా కూర ఎత్తింది.

బొద్దు కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ చెయ్యి మాత్రం తియ్యలేదు. "నిన్ను కాదనలేక రోజూ తిన్నాను. తిన్నాక ఎవరూ చూడకుండా ఏడ్చాను. నువ్వంటే నాకిష్టం. కానీ చాలు."

పెద్దమ్మకు సిగ్గేసింది. తన ప్రేమంతా ఆ రెండో గరిటలోనే ఉందనుకుంది ఇన్నాళ్లూ. నిండు గరిటను మెల్లగా గిన్నెలోకి వంచేసింది. ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.

"అయితే అది నాకా?" అన్నాడు వెనకనుంచి మొదటివాడు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువసేపు పెద్దమ్మే నవ్వింది.

సాయంత్రం గిన్నెలు కడిగి బోర్లించి, ఆఫీసులో సంతకం పెట్టి, సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు కొత్తావిడ వచ్చేసరికి గోడకున్న మేకుకు పెద్ద గరిట వేలాడుతోంది. దాని కాడకు దారంతో కట్టిన చీటీ మీద వంకర అక్షరాల్లో రాసి ఉంది: "ఒక్కటే. చాలంటే చాలు."