ఆరని చొక్కా

మా లాండ్రీ వెనకగదిలో మావయ్య తెల్లచొక్కా ఒకటి ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది. ఆయన పోయి ఏడాది దాటింది. పొద్దున నేను తీగమీద ఆరేస్తాను, మధ్యాహ్నానికి అది మళ్లీ బకెట్లో తేలుతుంది. ఒకటే ముక్కిపోయిన వాసన. పనివాళ్లమీద అరిచి అరిచి నా గొంతే పోయింది. చివరికి దొంగ దొరికింది. మా అత్తయ్య!

"ఇదేం పనత్తయ్యా, బట్ట కుళ్లిపోతోంది!"

"ఆరనివ్వకే అమ్మాయ్. ఆరిపోవడమే నిర్వాణమని విహారంలో పెద్ద భిక్షువుగారు చెప్పలేదూ? ఈయన ఆరిపోతే, నేను పోయాక ఎక్కడని వెతుక్కోను?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె గుండె సంగతి అడిగితే డాక్టరు అప్పటికే పెదవి విరిచేశాడు. అత్తయ్యకు చావంటే భయం లేదు. అక్కడ మావయ్య కనిపించడేమోనన్నదే బెంగ.

నేనే కనుక్కొస్తానని బౌద్ధ విహారానికి వెళ్లాను. "ఆరిన దీపం ఎటు పోయిందని అడుగుతామా తల్లీ? ఆ ప్రశ్నే కుదరదు" అన్నారు పెద్ద భిక్షువుగారు. గుమ్మం దగ్గర చిన్న భిక్షువుగారు ఆపి, "అందరూ గట్టెక్కేదాకా బోధిసత్త్వులు తిరిగి వస్తూనే ఉంటారమ్మా. నిర్వాణం ఎక్కడో లేదు, ఈ లోకంలోనే చూడాలి" అన్నారు. ఇంటికొస్తే ఆడపడుచు ఫోను. "అమ్మని అమితాభ బుద్ధుడి పేరు తలుచుకోమను వదినా. ఆయన పడమటి లోకంలో ఇద్దరూ ఒకేచోట పుడతారు."

ఒకరు అడగొద్దంటారు, ఒకరు ఇక్కడే అంటారు, ఒకరు పడమర అంటారు. పక్కవీధికి వెళ్లడానికే బద్ధకించే మనిషి మా మావయ్య! నాకు బుర్ర తిరిగిపోయింది, కోపమూ వచ్చింది. ఇంత తెలిసినవాళ్లు ఒక ముసలావిడకు ఒక్క మాట చెప్పలేరా?

"ఏమన్నారే?" అంది అత్తయ్య ఆశగా.

"తలో మాటా అన్నారు. నాకేం అర్థం కాలేదత్తయ్యా."

ఆ వారమే ఆమె మంచం పట్టింది. బకెట్ దాకా రాలేకపోయింది. చొక్కా తీగమీదే ఉండిపోయింది. సాయంత్రం తాకి చూస్తే పెళపెళలాడుతోంది. ఇన్నాళ్లూ ఆరితే చాలనుకున్న నాకు గుండె గుభేలుమంది.

"అమ్మాయ్, ఆరిందా?" పక్కగదిలోంచి పీలగా వినిపించింది.

"లేదత్తయ్యా, ఇంకా తడిగానే ఉంది."

"హమ్మయ్య."

ఆ సమయంలో ఆమెకు చెప్పిన మాట అబద్ధంగా మిగలడానికి మనసొప్పలేదు. ఇస్త్రీ బల్లమీది నీళ్లసీసా తీసుకుని చొక్కా అంతా తడిపాను.